గోవిందమ్మ ఫ్రిజ్జు

మదనపల్లె టమోటా యార్డు గేటు ముందర గోవిందమ్మ పన్నెండేళ్లుగా సంగటి, దాంట్లోకి రోట్లో నూరిన టమోటా పచ్చడి ఊరిబిండి అమ్ముతోంది. నిరుడు ఎదురుగా కొట్టు పెట్టిన స్వర్ణను చూస్తే కళ్లలో నిప్పులు పోసుకునేది. ఏళ్లుగా తన చేతి సంగటి తిన్న హమాలీలే ఇప్పుడు రోడ్డు దాటి పోతున్నారు. పైగా, "ఆ యమ్మ ఊరిబిండి వాసనకే ఆకలైతాండాది" అని ఈమె ముందరే అంటారు.

ఇద్దరూ కొనేది ఆ యార్డు కాయలే. స్వర్ణ మందేదో కలుపుతోందని గోవిందమ్మ నలుగురికీ చెప్పింది. చివరికి ఆ ఊరిబిండి ఒక పొట్లం తెప్పించి, కాలేజీలో కెమిస్ట్రీ చదివే కూతురు వాణి ముందు పెట్టింది.

"దీంట్లో ఏం కలిపిందో సూడు."

వాణి అదీ, ఇంటిదీ వాసన చూసింది. "ఏమీ కలపలేదు మా. ఆ యమ్మ టమోటాలు యాడ పెట్టుకుంటాది?"

"బుట్టలో. దానికి ఫ్రిజ్జు యాడుండాది?"

"నీకుండాది గదా, అదే మనల్ని ముంచింది. ఆ సల్లదనానికి టమోటాలో వాసన పుట్టించే పదార్థాలు తయారుకావు. రంగు, పులుపు మిగుల్తాయి, వాసన పోతాది."

స్వర్ణకు లేనిది తనకుండాలని పంతం పట్టి కొన్న ఫ్రిజ్జది. మరునాటి నుంచి కాయలు బుట్టలోకి మారాయి.

వారం తిరక్కముందే స్వర్ణ రోడ్డు దాటి వచ్చింది. "అక్కా, నేనూ ఫ్రిజ్జు కొందామనుకుంటాండాను. టమోటాలు దాంట్లో పెట్టుకుంటే మంచిదేనా?"

గోవిందమ్మ గరిటె పక్కన పెట్టి, మొదటిసారి ఆమెను చూసి నవ్వింది.

"మంచిదే పాపా. పెద్దది కొను."