కుంకుమ తుడిచిన కెమెరాలు

మా వియ్యంకుడుగారు పోయిన నెలలో కాలం చేశారు. ఈ పత్రికలోనే ఆ వార్త వేస్తూ ఆయన్ని ‘పాత కెమెరాల వ్యాపారి’ అన్నారు. ముందు అది దిద్దుకోండి. ఆయన రావులపాలెంలో బట్టలు అమ్మారు. కెమెరా ఒక్కటి కూడా అమ్మలేదు. ‘ప్రశాంతంగా కన్నుమూశారు’ అని కూడా వేశారు. ఆయన ఏ పనీ ప్రశాంతంగా చేసిన మనిషి కాదు. ఆసుపత్రిలో ఆఖరి పూట కూడా, సెలైన్ సీసా మీద అక్షరాలు చదవనివ్వలేదని నర్సుతో తగువు పెట్టుకున్నారు.

కొట్టు కొడుకులకు అప్పగించాక ఆయనకు ఒకటే పని. డిజిటల్ కెమెరాలు వచ్చి, అందరి ఇళ్ళలోనూ రీలు కెమెరాలు అటకెక్కిన రోజులు. వాటి మీద ఉండే గీతలు, చుక్కలు, అంకెలు ఏంటో ఎవరికీ తెలియదు. ద్రాక్షారామం నుంచి కూడా పట్టుకొచ్చేవారు. ఆయన పడక్కుర్చీలో కూర్చుని, భూతద్దం పెట్టి, ఇది ఏ దేశంలో చేశారో, ఈ గీత ఎందుకో, ఈ పొడి అక్షరాలు గీకింది కంపెనీయో రిపేరువాడో చెప్పేవారు. తేలకపోతే, “ఉంచి వెళ్ళండి, దీనితో నాకింకా మాటలు కాలేదు” అనేవారు. అలా ఉంచి వెళ్ళినవి బీరువా నిండాయి. వేటికీ పేరు రాసి చీటీ కట్టలేదు. నేను అడిగితే, “ఇంటికొచ్చిన మనిషికి చీటీ కడతామా అండి? మొహం చూసి పోల్చుకోమూ?” అన్నారు.

మావారి కెమెరా నేనూ తీసుకెళ్ళాను. ముందుకు లాగితే తిత్తిలా సాగే రకం. దాని మీద మూడు ఎర్రచుక్కలు ఉండేవి. మూడూ దసరా కుంకుమే అని మా ఇంట్లో అందరి నమ్మకం. మా అత్తగారు ఏటా నాగలికీ, కుట్టుమిషనుకీ, దీనికీ కలిపే బొట్టు పెట్టేవారు మరి.

ఆయన పుల్లతో తాకి చూసి నవ్వారు. “చెల్లెమ్మగారూ, రెండు కంపెనీవాడివండి. మూడోది మీ అత్తగారిది.”

“ఎలా చెప్పగలరండి?”

“కంపెనీవాడి చుక్క గుంటలో ఉంటుంది. మీ అత్తగారి చుక్క గట్టు మీద కూర్చుంది.”

దూరం చూపే ముల్లు ఒక చుక్కకీ, వెలుతురు ముల్లు రెండో చుక్కకీ తెచ్చి పెడితే, కాస్త ఎడం నుంచి ఆ చివరిదాకా అన్నీ స్పష్టంగా పడతాయట. ఏమీ తెలియనివాళ్ళ కోసం పెట్టిన గుర్తులట అవి. మావారు అన్నీ తెలిసినవారు కనుక వాటి జోలికి పోలేదు. మా ఇంటి పెళ్ళి ఫోటోల్లో పందిరి రాటకు కట్టిన అరటిచెట్లు తప్ప ఎవరి మొహమూ ఆనదు.

“అయితే ఆ మూడోది తీసేయండి అన్నయ్యగారూ, అయోమయం” అన్నాను.

“తీయకూడదండి. ఆ రెండూ ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాయి. ఇది ఎవరింట్లో కాపురం చేసిందో చెబుతుంది. కొందరు నెత్తిన పెడతారు, కొందరు అడుగున పెడతారు, కొందరు విభూతి కూడా రాస్తారు. ఒక ఇంటి బొట్టు ఇంకో ఇంటి బొట్టులా ఉండదు.”

లోపల గీకి ఉన్న అక్షరమేదో తేలలేదని నా కెమెరా కూడా ఉంచుకున్నారు.

దినాలయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో చాప మీద కెమెరాలన్నీ పరిచి, మా కోడలి పెద్దన్నయ్య థిన్నర్‌లో గుడ్డ ముంచి తుడుస్తున్నాడు. నెలాఖరుకు హైదరాబాదు నుంచి ఎవరో కొనడానికి వస్తున్నాడట.

“ఏం చేస్తున్నావయ్యా?”

“కుంకాలూ, విభూతులూ, అన్నీ మరకలండి అత్తయ్యగారు. శుభ్రంగా ఉంటే మంచి రేటొస్తుందండి.”

“ఇవన్నీ మీవేనా?”

“నాన్నగారి బీరువాలోవేనండి.”

“ఆ బీరువాలో నాదీ ఉంది. వియ్యపురాలి సొత్తు కూడా అమ్ముతారా?”

“అయ్యో, మీదేదో చెప్పండి, పక్కన పెట్టేస్తాను.”

చెప్పలేకపోయాను. ఆ లోపలి అక్షరం నా కంటికి ఆనేది కాదు. తుడిచిన కుప్పలో తిత్తి కెమెరాలన్నీ ఒక్కలాగే తళతళలాడుతున్నాయి. కంపెనీ చుక్కలు గుంటల్లో దాక్కుని బతికాయి. మా అత్తగారి చుక్క పోయింది.

ఆయన పోయిన రోజున ఏడ్చాను. ఇది ఏడుపు కాదు, ఒళ్ళు మంట. తండ్రి ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఏం చూస్తున్నాడో, పక్కగదిలో ఉన్న కొడుకులు ఒక్కసారి వంగి చూడలేదు. సంతాపసభలో దండ వేసి, ఆ చేత్తోనే గుడ్డ పట్టుకున్నారు. ఊరివాళ్ళు నమ్మి ఇచ్చిన సొమ్ము ఎవరిదేదో చెప్పే ఆధారాన్ని మురికి అనుకున్నారు. వీళ్ళకు చదువు లేక కాదు, ఇద్దరూ బీకాం.

తుడిచినవీ తుడవనివీ అన్నీ అరటిగెలల గంపకెత్తించి నిడదవోలు తెచ్చేశాను. వియ్యపురాలు దొంగతనం చేసిందని వాళ్ళింట్లో అనుకుంటున్నారట. అనుకోనివ్వండి. ఆయన మాట పోవడం కన్నా నా పరువు పోవడం చవక.

ఆయన దగ్గర కెమెరా ఉంచినవాళ్ళు ఈ ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రండి. పత్రికవాళ్ళను అడిగితే దారి చెబుతారు. మగవాళ్ళు ఒంటరిగా రాకండి, బొట్టు ఎక్కడ ఉండేదో మీకు తెలియదు. దసరాకు పెట్టిన ఆవిణ్ణి వెంటబెట్టుకు రండి. తుడిచినవాటిలో కూడా స్క్రూల గాడుల్లో అక్కడక్కడ ఎరుపు మిగిలింది, ఆవిడ పోల్చుకుంటుంది. పట్టుకెళ్ళడానికి గుడ్డసంచి తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరులో చెమ్మ పడుతుంది. తుడిచే గుడ్డ మాత్రం ఎవరూ తేవద్దు.