పందులు మేపామా అని అడిగిన పెద్దాయన

ఏ భాషలో మొరపెట్టినా ఆలకించే దేవునికి ముందుగా స్తుతి.

కరోనా ఆంక్షలు తొలగిన తరువాతి వేసవి సెమిస్టర్‌లో, జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఎక్స్‌చేంజ్ విద్యార్థుల క్షేత్ర పరిశోధనకు నేను సమన్వయకర్తను. రిటైరయ్యే వరకు నా బాధ్యత అదే. ఎవరినైనా ఇంటర్వ్యూ చేసే ముందు విద్యార్థి వారి సమ్మతి తీసుకోవాలి. వారు దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అప్పుడు రికార్డింగు చెరిపేయాలి.

భీమవరం నుంచి వచ్చిన కెజియా ఇక్కడి కార్ప్ చేపల చెరువులను అంశంగా ఎంచుకుంది. ఆమె జర్మన్ చాలావరకు మా చర్చి సంఘంలో విని పట్టుకున్నదే. మొదటి ఇంటర్వ్యూ రోజునే చెరువు యజమాని లిండ్నర్ గారు ఫోన్ చేసి సమ్మతి రద్దు చేసుకున్నారు. ఆయన కాదంటే మిగతా చెరువుల వాళ్లూ ముందుకు రారు. పిల్ల సెమిస్టరంతా పోతుంది.

ఏం జరిగిందని కెజియాను అడిగాను.

"‘మనిద్దరం కలిసి పందులు మేపామా?’ అన్నారు సార్. లేదండీ, మా ఇంట్లో చేపలే అన్నాను. అంతే, లేచెళ్లిపోయారు."

నవ్వు ఆపుకోలేకపోయాను. చనువు లేనివాళ్లు ‘డు’ అని, అంటే ‘నువ్వు’ అని పిలిస్తే, మనకంత చనువెక్కడిది అని జర్మన్లు అనే ఎత్తిపొడుపు మాట అది. పరిచయం లేని పెద్దలను ‘సీ’, అంటే ‘మీరు’ అనాలి.

"సంఘంలో తాతగార్లనీ ‘డు’ అనే అంటాం కద్సార్. ప్రార్థనలో దేవుణ్ణీ అంతే. ‘సీ’ ఆఫీసుల్లో మాటేమో అనుకున్నా. అయితే అంత పెద్దాయన్ని నువ్వు నువ్వు అన్నానా? మా అమ్మ వింటే చెంప పగలగొడుతుంది!"

తోడు వస్తానంటే వద్దంది. మర్నాడు ఒంటరిగా వెళ్లి, ఇంటర్వ్యూ ఊసెత్తకుండా, ‘సీ’ అంటూ క్షమాపణ అడిగింది. పందుల ప్రశ్న తనకెలా అర్థమైందో కూడా దాచకుండా చెప్పింది. కళ్లు తుడుచుకునేంతగా నవ్వానని లిండ్నర్ గారే ఫోన్‌లో చెప్పి, మళ్లీ సమ్మతి ఇచ్చారు. పక్క చెరువుల వాళ్లతో కూడా ఆయనే మాట్లాడారు.

సెమిస్టర్ చివర ఆయన ఆమెకు చెయ్యి చాచి, ఇకపై తనను ఇంటిపేరుతో కాక గియోర్గ్ అని, ‘డు’ అని పిలవమన్నారట. ఆ చనువు పెద్దవారే ఇవ్వాలి. ఇక్కడ అది చిన్న గౌరవం కాదు.

"సరేనన్నా గానీ నోరు రావట్లేదు సార్. ‘గియోర్గ్ గారూ, డు’ అని సర్దుకుంటున్నా," అంది.

మర్యాద లేక కాదు, అది ఏ మాటలో ఉందో తెలియక విద్యార్థులు పొరబడతారని అప్పుడు తెలుసుకున్నాను. తరువాతి బ్యాచ్‌కు ప్రశ్నల తయారీ కన్నా ముందు పిలుపులు నేర్పించాం.

పరాయి భాషలో తలుపు తట్టే పిల్లల కోసం, తెరిచే పెద్దల కోసం, చదివిన మీరూ నాతో కలిసి ఇప్పుడే ప్రార్థించండి.