జాతకం చూసి తెచ్చిన రైడర్

ఈ ఏడాది కబడ్డీ పోటీలకు ముందు మా ఊరి జట్టు, ఎంతటివాణ్నైనా పట్టి ఆపే మా జాలరి ఆటగాణ్ణి నందిగాం జట్టుకిచ్చి, బదులుగా వాళ్ల రైడర్‌ను తెచ్చుకుంది. అతని జాతకం మా జట్టుకు కలిసిందని మా కెప్టెన్ మురిసిపోయాడు.

“ఆడి మోకాలు వాసుంది, సూసినావా బావా?” అన్నాను.

“గురుబలం ఉందిరా. నీకేటి తెలుసు?”

“కూతకెళ్లేది గురుడా, ఆడా?”

మొదటి ఆట నందిగాంతోనే పడింది. మేం వదులుకున్నవాడే ఆ రైడర్ కాలు పట్టి లాగాడు. మోకాలు విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది. అతను ఇసుకలో పడి అరుస్తుంటే కెప్టెన్ “దిష్టి తగిలింది” అన్నాడు. నేను కెప్టెన్ చెంప పగలగొట్టాను. అతను నా పెదవి చీల్చాడు. మమ్మల్ని విడదీయడానికి జట్టంతా ఎగబడింది.

రైడర్‌ను మోసుకెళ్లి ఆటో ఎక్కించింది మాత్రం అతని కాలు విరిచినవాడే.