కిలో సాబుదానా

బామ్ని ఊరి నర్సక్క గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పాలి. మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో మా కిరాణా దుకాణంలో కూర్చునేది నేనే. బేరం ఎంత నడిపిస్తానో, ఎగతాళి దానికి రెండింతలు నడిపిస్తాను. నవ్వుకోవడానికి వచ్చేది కూడా గిరాకీయే కదా అని మా ఆయన కాశీనాథ్ నన్నెప్పుడూ ఆపలేదు.

నర్సక్కకు యాభై ఐదేళ్లుంటాయి. భర్త పోయాక మూడెకరాల వరి ఒక్కతే చేసుకుంటోంది. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. కందిపప్పు కొంటే గుప్పెట్లో పోసుకుని రాళ్లు వెతుకుతుంది. ప్రతి శ్రావణంలోనూ ఆదివారం ఆదివారం వచ్చి కిలో సాబుదానా, అంటే సగ్గుబియ్యం, కిలో పల్లీలు తీసుకుపోతుంది. అన్నేళ్లూ ఊరుకున్న నాకు పోయినేడు మొదటి ఆదివారం నోరు ఆగలేదు. దుకాణంలో నలుగురు ఆడవాళ్లున్నారు మరి, చూసేవాళ్లుంటే నాకు ఊపు.

"ఇంట్ల ఒక్కదానివి, సాబుదానా కిలోనా? ఏందక్కా, రేపు సోమారం నీకు ఉపాసమా, పండుగనా?"

నలుగురూ పగలబడి నవ్వారు. నర్సక్క సంచి మూతి బిగించి కట్టుకుని, "పల్లీలల్ల పుచ్చులున్నయా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. రెండో ఆదివారానికి ఆమెకు 'కిలో ఉపాసం' అని పేరు పడిపోయింది. ఆ పేరు నేను పెట్టిందే అని వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నా ఉపవాసం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి మరాఠీ ఇళ్లలో సోమవారం పగలు సాబుదానా ఖిచిడి తింటారు, వాళ్లకు తప్పులేదు. నాది మా అత్తగారు నేర్పిన ఒక్కపొద్దు. చుక్క పొడిచేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. ఇరవై ఏళ్లుగా తప్పలేదని ఊరంతా చెప్పుకునేదాన్ని. నిజానికి అప్పటికి మూడు నాలుగేళ్లుగా మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు బియ్యం బస్తాల వెనక స్టూలేసుకుని ఖిచిడి తింటున్నాను. నోటికి మా అత్తగారి ఒక్కపొద్దు, కడుపుకు మరాఠీ వాళ్ల ఉపవాసం. గురివింద గింజకు తన నలుపు కనపడదంటారు. నాకు కనపడేది, బస్తాలు అడ్డం పెట్టుకునేదాన్ని.

మూడో ఆదివారం నర్సక్క రాలేదు. నేను పట్టించుకోలేదు. మరునాడు మధ్యాహ్నం బస్తాల వెనక రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, ఆటో నడిపే ఎల్లన్న కేకేశాడు. అతను నర్సక్కకు మరిది.

"వనమాలమ్మా, గ్లూకోజు పాకిట్లుంటే జల్ది ఇయ్యి. మా వదిన పొలంల నాటేసే లింగక్క కండ్లు తిరిగి బురదల పడ్డది."

గిన్నె స్టూలు కిందికి తోసి లేచాను. ఏమైందో అడగడానికి నోరు ఖాళీ లేదు. అతనే చెప్పాడు.

"నాటేసెటోళ్లు పన్నెండు మంది. అందరు సోమారం ఉపాసం ఉంటరు. ప్రతి సోమారం మా వదిన పొద్దుగాల్నే సాబుదానా వండి గంపల పెట్టుకొస్తది. ఈసారి తేలే. ఏంది అంటే, కొనబోతే నవ్వుతుండ్రు, నేను పోను అంటది. ఇంకో దుకాణానికి పోతే ఆడ గూడ నవ్విండ్రట."

నోట్లోది బలవంతాన మింగి, "మరి మీ వదిన తినేది?" అన్నాను.

"ఆమె ఏడ తింటది? చుక్క చూసినంకనే."

దుకాణం మూసేశాను. గ్లూకోజు పొట్లాలు, రెండు డజన్ల అరటిపళ్లు, వేయించిన పల్లీలు, బెల్లం ఆటోలో వేసుకుని బామ్ని బయల్దేరాను. 'తప్పయింది నర్సక్కా' అనే మాటను దారి పొడవునా నోట్లో తిప్పుకుంటూ పోయాను.

ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. లింగక్క చెంపకు బురద ఇంకా ఆరలేదు. సగం మడి ఖాళీగా ఉంది, నారు కట్టలు నీళ్లలో పడి ఉన్నాయి. నర్సక్క ఒక్కతే వంగి నాటేస్తోంది. నన్ను చూసి నడుం లేపింది. నేను అనుకున్న మాట రాలేదు.

"పండ్లు తెచ్చిన," అన్నాను.

"నారు ముదిరిపోతున్నది. రేపటి సంది వీళ్లంత వేరేటోళ్లకు మాటిచ్చిండ్రు," అంది నర్సక్క. "ఇగ నా మడి ఎవలు నాటేస్తరు?"

ఆమె గట్టెక్కి చేతులు కడుక్కుని, ముందు లింగక్కకు గ్లూకోజు కలిపి తాగించింది. తర్వాత అందరికీ పళ్లు పంచింది. చివరికి ఒకటి నా ముందుకు చాపింది.

"నాది ఒక్కపొద్దక్కా," అన్నాను. అలవాటు అలాంటిది, అక్కడ కూడా అబద్ధమే వచ్చింది.

నర్సక్క నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"తిను తియ్యి. ఈ యాళ్లకు తింటవు గదా. మూడేండ్ల సంది సోమారం ఎరువులకు సిరొంచ వచ్చినప్పుడల్ల చూస్తున్న, బస్తాల ఎన్క."

"ఎవలకన్న చెప్పినవా?"

"నేనెందుకు చెప్త? ఆకలైతే తింటవు. అండ్ల చెప్పనీకె ఏమున్నది?"

అని పండు నా చేతిలో పెట్టి, మళ్లీ మడిలోకి దిగింది. నేను కిలో సాబుదానాకు ఆమెను ఊరూరా నవ్వులపాలు చేస్తుంటే, ఆమె నా గిన్నెను మూడేళ్లు కడుపులో దాచుకుంది. ఏడుపొచ్చింది. ఆ పన్నెండు మంది ముందే తొక్క వలిచి కొరికాను.

లింగక్క తేరుకుని నా వంకే చూస్తోంది. "అదేంది వనమాలమ్మా, నీది ఒక్కపొద్దు గాదా?"

"కాదు లింగక్కా," అన్నాను, మడిలో ఉన్న నర్సక్కకు కూడా వినపడేలా. "శానేండ్లాయె, నేను ఒక్కపొద్దు ఉంటలేను."