గాటు కలవని ర్యామ్

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలకు డిజైన్లు గీసే దాదాపీర్‌కి, షాపులో తయారుగా ఉన్న కంప్యూటర్లు కొనుక్కునేవాళ్లంటే లోకువ. తనది విడిభాగాలు తెచ్చి తనే బిగించుకున్నాడు. అప్పటినుంచి ఊరు మొత్తానికి ఆ విద్య తనొక్కడికే వచ్చని అతని నమ్మకం.

ఈమధ్య పెద్ద డిజైను తెరిస్తే చాలు, కంప్యూటరు బిగుసుకుపోతోంది. ర్యామ్ చాలడం లేదని, పవర్‌పేటలో ఫోన్ల సరుకూ కంప్యూటర్ సామానూ అమ్మే హేమంత్‌కుమార్ షాపుకి వెళ్లాడు.

"మీ మదర్‌బోర్డు ఏ మోడలండీ? డీడీఆర్ ఫోరా, ఫైవా?" అని అడిగాడు హేమంత్‌కుమార్.

ఫోన్లకు కవర్లు అమ్ముకునేవాడు తనకు పరీక్ష పెట్టడమేమిటనిపించింది దాదాపీర్‌కి.

"అందులో ప్రతి స్క్రూ నా చేత్తో బిగించిందేనండి. కొత్తది ఏదుందో అదివ్వండి చాలు."

"ఒక్కసారి చూసుకుంటే మంచిదండీ. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి ఎక్కదు."

"తెలిసినవాళ్లకి చెప్పకండి. సరుకు అమ్ముకోండి."

షాపులో అందరూ తలెత్తి చూశారు. హేమంత్‌కుమార్ కొత్త రకమైన డీడీఆర్ ఫైవ్ ప్యాకెట్టు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి కంప్యూటరు పెట్టె విప్పాడు. ర్యామ్ పొడవు సరిపోయింది గానీ, దాని అడుగునున్న గాటు బోర్డు మీది గాడిలోని అడ్డుతో కలవలేదు. కంపెనీవాళ్లకి పని చేతకాదనుకుంటూ బొటనవేళ్లతో నొక్కాడు. బోర్డు వంగింది.

"ఏవండీ, ఇది వేరే రకంలా ఉంది. మార్చుకొస్తే పోదా?" అంది భార్య ఖైరున్నీసా.

మార్చుకోవచ్చు. కానీ అందరి ముందూ అన్ని మాటలన్న షాపుకి మళ్లీ వెళ్లి నిలబడాలి. అది అతనివల్ల అయ్యే పని కాదు.

"ర్యామ్ బంగారంలా ఉంది. బోర్డే పాతబడిపోయింది," అని తేల్చేశాడు.

మర్నాడు విజయవాడ వెళ్లి కొత్త బోర్డు తెచ్చాడు. ర్యామ్ టక్కున కూర్చుంది. ఈసారి పాత ప్రాసెసర్ పట్టలేదు. దాన్ని తయారుచేసినవాళ్లనీ కాసేపు తిట్టుకున్నాడు.

ఖైరున్నీసా బోర్డు పేరు చూసి ఫోన్లో వెతికింది.

"దీనికి ఏ ప్రాసెసర్, ఏ ర్యామ్ పడతాయో కంపెనీవాళ్లే జాబితా పెట్టారండీ. పాత బోర్డుకీ ఉంది ఇలాగే."

"అవన్నీ రానివాళ్లకి," అన్నాడు దాదాపీర్. అంటూనే ఆమె చదివిన ప్రాసెసర్ పేరు రాసుకుని మళ్లీ విజయవాడ బస్సెక్కాడు.

అది బిగించాక పెద్ద డిజైను చటుక్కున తెరుచుకుంది.

"చూశావా?" అన్నాడు.

"చూశానండీ. అడిగిన ఒక్క మాటకి బదులు చెప్పలేక పెట్టెలో సామానంతా మార్చారు," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

దాదాపీర్ అది వినిపించుకోలేదు. వేరెవరో గీసిన పూలతీగని తెరమీద పెద్దది చేసి, గీత తిన్నగా రానివాళ్లంతా డిజైనర్లయిపోయారని తనలో తను నవ్వుకుంటున్నాడు.