జాబుకొక చెంబు

ఆలూరు తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి మా కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో, కోయిలకుంట్లలో పనిచేసుకుంటున్న నన్ను తీసుకెళ్ళి ఆలూరు పక్క పల్లెలో వేశారు. బడికంతా నేనొక్కడినే అయివారిని. నాకంటే చిన్నవాళ్ళు ముగ్గురుండగా నన్నే ఎందుకు పంపారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నా భార్య కోయిలకుంట్లలోనే ఆడపిల్లల బడిలో టీచరు. కూతురికి అప్పటికి ఏడాది నిండలేదు. రెండు బస్సులు మారి, నాలుగు మైళ్ళు నడిస్తే గాని ఆ పల్లె రాదు.

బడిలో తోట వెయ్యాలని పైనుంచి ఉత్తరువు. రాసినాయన ఆ నేలను చూసి ఉండడు. ఊరికంతా ఒక్కటే మంచినీళ్ళ బావి, చేద పైకి వచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కేవి. రెండు బిందెలు తోడి బెండ మొక్కలకు పోస్తే ఆడవాళ్ళు అడ్డం తిరిగారు.

"తాగనీకే నీళ్ళు ల్యాకపోతే నీకు తోటేందప్పా అయ్యోరా?" అని నలుగురిలో అడిగారు.

మాట పడటం నాకు చేతకాదు. ఊళ్ళో చదువు వచ్చినవాణ్ణి నేనొక్కడినే. ఇంటికొకరు బళ్ళారికో బొంబాయికో కూలికి పోయినవాళ్ళే, జాబులు వస్తూనే ఉండేవి. ఆ సాయంత్రమే చెప్పేశాను: జాబు చదవాలన్నా రాయాలన్నా ఒక చెంబు నీళ్ళు తెచ్చి పాదులో పోయాలి. బావి నీళ్ళు వద్దు. గింజలు కడిగినవి, చేతులు కడిగినవి ఏవైనా సరే.

కోపంతో పెట్టిన రూలు. అదే నా మెడకు చుట్టుకుంది.

అందరికంటే ఎక్కువ వచ్చేది దూదేకుల ఇంటి అవ్వ. కొడుకు బొంబాయి మిల్లులో ఉండేవాడు. వారానికొకసారి చెంబు తొణక్కుండా తెచ్చి, పోసి, నా ముందు కూర్చునేది. రెండో ఏటికి సొరతీగ బడి కప్పెక్కింది. బీర, గోంగూర, మిరప పిల్లల ఇళ్ళకు కూడా పోయేవి.

బడులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చారు. బదిలీ అర్జీ చేతికిచ్చాను. చదవకుండానే దాంతో విసురుకుంటూ సొరకాయ పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. పోయేటప్పుడు బండిలో పెట్టించుకున్న కాయ ఎంత పొడుగుందో నాకు ఇంకా గుర్తే. ఊరి జనం ముందు నా భుజం తట్టి, "ఈ తోట పచ్చగా ఉన్నంతకాలం ఈ అయివారిని కదిలించేది లేదు" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

దసరా సెలవులకు ఇంటికి పోతే నా కూతురు తలుపు వెనక దాక్కుని, "అమ్మా, ఎవరో సారొచ్చినాడు" అంది.

ఆ రోజే అనుకున్నాను, తోట ఎండిపోవాలని. ఎండాకాలం సెలవులివ్వగానే పిల్లలను పిలిచి, ఎవరూ ఒక్క చుక్క పోయకూడదని గట్టిగా చెప్పి, తాళం వేసి వచ్చేశాను. ఇంటి నుంచి మళ్ళీ అర్జీ పెట్టాను: తోట ఎండిపోయినది, కాబట్టి నన్ను పంపవచ్చును. చూడకుండానే రాశాను. ఆలూరు ఎండ మీద నాకంత నమ్మకం. బడి తెరిచేరోజు వచ్చి చూస్తానని ఇన్‌స్పెక్టరు కబురు పెట్టారు.

ఆ రోజు పొద్దున నాలుగు మైళ్ళూ తొందర తొందరగా నడిచాను. దూరం నుంచే బడి కప్పు పచ్చగా కనిపించింది. పాదు దగ్గర అవ్వ, చేతిలో చెంబు.

"ఎవరు పొయ్యమన్నారు?" అని అరిచాను.

"ఇంటికొక వంతు ఏసుకున్న్యామప్పా. తోట ఎండితే నిన్ను ఎత్తుకపోతారంట కదా, ఆ ఇన్‌స్పెక్టరప్పే చెప్పిపాయ. నువ్వు పోతే మా జాబులు ఎవురు రాస్తారు?"

"నాకూ ఇల్లుండాది, బిడ్డ ఉండాది అవ్వా."

"ఉండదా మరి! ఈడికే పిల్చుకొనిరా. సంగటి మేం పెడ్తాం."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు దిగారు. తోట చూసి, "ఏమయ్యా, ఎండిపోయిందని రాశావే?" అన్నారు. వెనక నుంచి ఎవడో, "తోట కాదు సామీ, అయ్యోరే ఎండిపాయ" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన ప్రతి మొహమూ నాకు గుర్తుంది. ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే పుస్తకంలో రాసి సంతకం పెట్టారు: ఈయనను ఇక్కడే ఉంచవలెను.

ఆయన బండి కదలగానే అవ్వ కొంగులోంచి కార్డు తీసింది.

"నా కొడుక్కి రాయప్పా. సెలవు ఇయ్యకపోతే పోనీ. శానా దినాలాయ, ఒక్కసారి వచ్చి మొగం చూపించి పొమ్మను."

ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరింతేమీ లేదు. చెప్పింది చెప్పినట్టే రాసిచ్చాను. తర్వాత, అక్కడున్న అందరికీ వినబడేటట్టు, "రేపటి నుంచి జాబుకు రెండు చెంబులు" అన్నాను. ఈ మాటతోనన్నా విసిగి నన్ను వదిలేస్తారనుకున్నాను.

మరునాడు పొద్దున్నే వచ్చారు, రెండేసి చెంబులతో. ఆ ఏడు వంకాయ కూడా కాసింది.