సోషల్ నోట్సులో ఖాళీ పేజీ

ట్రంకు పెట్టె సర్దుతుంటే నా ఏడో తరగతి సోషల్ నోట్సు దొరికింది. పేపరు అట్ట, లోపల ఎండిన వేపాకు వాసన. మీకూ గుర్తొచ్చిందా?

ఒక పేజీలో ‘మా ఊరి చరిత్ర’ అన్న పేరు తప్ప ఏమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మన్నారు మా సోషల్ మాస్టారు.

ఆ సాయంత్రం వత్తులు చేసుకుంటూ నానమ్మ, “గోదారి మన వీధిలోకొచ్చిన ఏడు ఏం జరిగిందో చెబుతాను, రాసుకోవే” అంది.

“అది పరీక్షలో రాదు నానమ్మా” అన్నాను, లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా.

“సర్లే, పరీక్షలయ్యాకే చెబుతాను” అంది.

పరీక్షలయ్యాయి. నేను అడగలేదు. ఆ వేసవిలోనే ఆవిడ పోయింది.

పక్కనే హోంవర్కు చేసుకుంటూ ఇదంతా విన్న మా మనవరాలు, “మరి ఆ ఏడు ఏం జరిగింది అమ్మమ్మా?” అంది.

“తెలీదమ్మా.”

“పోన్లే, మాకూ పరీక్షలో రాదు” అని తన లెక్కల్లో పడిపోయింది.